ట్రాలీ ఆటో నుంచి పికప్ దాకా: చిన్న సరుకు బండి కొనేవారి లెక్క

తెలుగు నాట చిన్న సరుకు బండి కొనేవారిలో ఎక్కువమంది ఒక్క బండి మీదే బతికేవారు. నిన్నటి దాకా ఇంకొకరి లారీ మీద క్లీనరుగానో, అద్దె ఆటో మీద డ్రైవరుగానో పనిచేసినవారు ఉంటారు. సేద్యం గిట్టక పట్నం దారి పట్టిన రైతుబిడ్డలు, చేపల వ్యాపారులు, టెంట్ హౌస్ నడిపేవారు, మంచినీళ్ల క్యాన్లు వేసేవారు ఉంటారు. షోరూము గడప తొక్కే ముందు వీరంతా ఇంచుమించు ఒకే లెక్క వేస్తారు. బండి ఎంత బరువు లాగుతుంది, లీటరుకు ఎంత దూరం వస్తుంది, రోజుకు ఎన్ని కిరాయిలు దొరుకుతాయి, కిస్తీ పోగా ఇంట్లోకి ఎంత మిగులుతుంది, చెడితే ఎక్కడ బాగుచేస్తారు, నాలుగేళ్ల తరువాత అమ్మితే ఎంత వస్తుంది? వీటికి తోడు, ఆ బండి నడిపేవారికి ఊళ్లో దక్కే మర్యాద ఎంత అన్నదీ ఉంటుంది. ఆరు దశాబ్దాలుగా ఈ ప్రశ్నలు పెద్దగా మారలేదు, వాటికి దొరికిన జవాబులే మారుతూ వచ్చాయి. ఏ బండి నిలిచింది, ఏది కనుమరుగైంది అన్నది కూడా తయారీదారులు ఈ లెక్కను ఎంత దగ్గరగా అర్థం చేసుకున్నారన్న దాని మీదే చాలావరకు ఆధారపడింది.

ఎడ్లబండికీ లారీకీ మధ్య

స్వాతంత్ర్యం వచ్చేనాటికి పల్లె నుంచి సంతకు, సంత నుంచి రైలు స్టేషనుకు సరుకు చేర్చేది ఎడ్లబండే. చెక్క చక్రానికి ఇనుప పట్టా వేసిన పాత బండ్ల పక్కన రబ్బరు టైర్ల బండ్లు కూడా వచ్చాయి. పట్నాల్లో ఒంటెద్దు బండి, తోపుడు బండి, తొక్కుడు రిక్షా చిన్న మోతలు మోసేవి. దూరాలకు లారీ ఉండేది. లారీ కొనాలంటే పెద్ద పెట్టుబడి, రూటు పర్మిట్టు, నమ్మకమైన డ్రైవరు కావాలి. అందుకే అది కొద్దిమంది ఆస్తిపరుల చేతుల్లోనే ఉండిపోయింది.

ఈ రెంటి నడుమ పెద్ద ఖాళీ ఉండేది. పది బస్తాల బియ్యం, ఇరవై బుట్టల కూరగాయలు, ఒక ఇంటి సామాను వంటి మోతకు లారీ ఎక్కువ, ఎడ్లబండి ఆలస్యం. ఇరుకు బజార్లలో, గోదాముల సందుల్లో లారీ తిరగలేదు, ఎద్దు రోజుకు కొన్ని మైళ్లకు మించి నడవలేదు. ఈ ఖాళీని పూడ్చే బండి కోసం జరిగిన వెతుకులాటే చిన్న సరుకు వాహనాల చరిత్ర.

మూడు చక్రాల కాలం

ఆ ఖాళీలోకి మొదట వచ్చినవి మూడు చక్రాల బండ్లు. జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన టెంపో సంస్థ సహకారంతో 1958లో బజాజ్ టెంపో ఏర్పడింది. ఎన్.కె. ఫిరోదియా దీని స్థాపకుడు. ముందు ఒక చక్రం, దాని మీదే ఇంజిను, వెనక రెండు చక్రాల మీద సరుకు పెట్టే బాడీ ఉన్న హాన్సియాట్ బండిని ఈ సంస్థ మన దేశంలో తయారు చేసింది. 1960ల చివర్లో నాలుగు చక్రాల మటాడోర్ కూడా వచ్చింది. టెంపో అన్న కంపెనీ పేరు జనం నోట ఈ తరహా బండ్లన్నిటికీ పేరైపోయింది. ఆ సంస్థ 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకున్నా, బజారులో పాత పిలుపు పోలేదు.

బజాజ్ ఆటో సంస్థ ఇటలీ పియాజియో నుంచి అనుమతి పొంది తయారు చేసిన మూడు చక్రాల బండ్లు 1960ల నుంచి విస్తరించాయి. జనాన్ని ఎక్కించుకునే ఆటో వెనక భాగం తీసేసి ఇనుప పెట్టె బిగిస్తే సరుకు బండి అయింది. తెలుగు ఊళ్లలో దీన్ని ట్రాలీ ఆటో అంటారు. 1990ల చివర్లో పియాజియో నేరుగా భారత్‌లో అడుగుపెట్టి, మహారాష్ట్రలోని బారామతిలో అపే ఆటోలను తయారు చేయడం మొదలుపెట్టింది. ఒకే సిలిండరు డీజిల్ ఇంజినుతో నడిచే ఈ ఆటోలు చిన్న పట్నాల సరుకు రవాణాను చాలావరకు తమ చేతిలోకి తెచ్చుకున్నాయి.

ట్రాలీ ఆటో కొనేవారి లెక్క సులువుగా తేలేది. ధర తక్కువ, డీజిలు ఖర్చు తక్కువ, ఏ సందులోనైనా తిరుగుతుంది, వీధి చివరి మెకానిక్కు కూడా ఇంజిను విప్పి బిగించగలడు. అయితే కష్టాలూ అంతే స్పష్టంగా ఉండేవి. అర టన్నుకు మించితే ఎత్తు ఎక్కలేదు, మలుపులో ఒరుగుతుంది, జాతీయ రహదారి మీద పక్కనుంచి బస్సు దూసుకుపోతే ఊగిపోతుంది. ఇంజిను చప్పుడు, అదురు రోజంతా భరించిన డ్రైవరుకు సాయంత్రానికి నడుము పట్టేసేది. దూరపు కిరాయి వస్తే వదులుకోవలసి వచ్చేది. ఈ చివరి లోటే తరువాతి మార్పుకు దారి వేసింది.

జహీరాబాద్‌లో జపాను బండి

1980ల మొదటి సగంలో కేంద్ర ప్రభుత్వం తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీకి జపాను కంపెనీలతో నాలుగు భాగస్వామ్యాలను అనుమతించింది. ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డీసీఎం టొయోటా, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా వచ్చాయి. నాలుగోది తెలుగు నేల మీద, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో వెలసిన ఆల్విన్ నిస్సాన్.

హైదరాబాద్ ఆల్విన్ 1942లో నిజాం రాజ్యంలో మొదలైన కర్మాగారం. స్వాతంత్ర్యం తరువాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారాలు తయారు చేసి తెలుగు ఇళ్లలో మంచి పేరు తెచ్చుకుంది. ఆ సంస్థ నిస్సాన్‌తో కలిసి క్యాబ్‌స్టార్ లారీని తయారు చేయడం ఆనాడు రాష్ట్రానికి గర్వకారణమైంది. బండి పనితనం గురించి ఫిర్యాదులు తక్కువ. చిక్కు ధర దగ్గర వచ్చింది. 1985 తరువాత జపాను యెన్ విలువ బాగా పెరగడంతో దిగుమతి చేసుకునే విడిభాగాల ఖర్చు మోయలేనంత అయింది. నాలుగు భాగస్వామ్యాలకూ ఇదే ఇబ్బంది ఎదురైంది.

అదే సమయంలో, 1986లో, టెల్కో (నేటి టాటా మోటార్స్) తన సొంత నమూనాతో టాటా 407ను తెచ్చింది. విడిభాగాలు దేశంలోనే దొరకడం, ఎక్కువ బరువును తట్టుకోవడం, ఎక్కడైనా బాగుచేయగల మెకానిక్కులు ఉండడం దాన్ని నిలబెట్టాయి. కొనుగోలుదారుకు బండి నునుపుగా నడవడం కన్నా, చెడిన రోజునే బాగుపడి మళ్లీ కిరాయికి వెళ్లడం ముఖ్యమని 407 విజయం తేల్చి చెప్పింది. 1980ల చివర్లో ఆల్విన్ వాహన విభాగాన్ని మహీంద్రా తీసుకుంది. జహీరాబాద్ కర్మాగారం మాత్రం మూతపడలేదు. దాని కథ తరువాతి కాలంలో చిన్న బండ్లతోనే మళ్లీ ముడిపడింది.

జీపు నుంచి పికప్

ఈ చిన్న లారీలు పట్నం గోదాములకు సరిపోయాయి. పల్లెలకు, గతుకుల దారులకు కావలసిన బండి మరోవైపు నుంచి వచ్చింది. 1947 నుంచి విల్లీస్ జీపులను కూర్చి అమ్మిన మహీంద్రా, ఆ జీపు చట్రం మీదే సరుకు బాడీ బిగించిన బండ్లను తెచ్చింది. బలమైన చట్రం, వెనక కమాన్ పట్టీలు, డీజిల్ ఇంజిను ఉన్న ఆ బండి చేలగట్ల పక్క మట్టిదారుల్లో సైతం నడిచేది. 2000లో బొలెరో జీపు వచ్చాక, అదే పేరుతో వచ్చిన పికప్‌లు ఈ వంశానికి కొనసాగింపు అయ్యాయి. 1980ల చివర్లో టెల్కో తెచ్చిన టాటామొబైల్ 206, దాని తరువాతి 207 కూడా ఇదే తరగతివి. కారు మాదిరి ముందుభాగం, వెనక తెరిచిన బాడీ ఉన్న 206 చట్రం మీదే 1991లో టాటా సియెర్రా కారు పుట్టింది.

బొలెరో పికప్ కొన్నవారు ఎక్కువగా దూరం వెళ్లేవారు. మదనపల్లె టమాటా, గుంటూరు మిర్చి, భీమవరం చెరువుల చేప, కడియం నర్సరీల మొక్కలు తెల్లవారేలోగా బజారు చేరాలి. వీటికి టన్నున్నర దాకా మోసి, రాత్రంతా రహదారి మీద నడిచి, మరునాడు మళ్లీ బయలుదేరగల బండి కావాలి. ధర ఎక్కువైనా, పాత బండికీ మంచి ధర పలుకుతుందన్న నమ్మకం కొనేవారికి ధైర్యమిచ్చింది. అయితే ఆటో డ్రైవరుకు ఆ ధర అందేది కాదు. ఆటోకీ పికప్‌కీ మధ్య ఇంకా ఒక మెట్టు ఖాళీగానే ఉంది.

2005: నాలుగో చక్రం

ఆ మెట్టును నింపింది టాటా ఏస్. 2000–01లో టెల్కో సుమారు 500 కోట్ల రూపాయల నష్టం చవిచూసింది. పెద్ద లారీల అమ్మకాలు దేశ ఆర్థిక స్థితితో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉండడం ఆ నష్టానికి ఒక కారణం. ఆ ఒడిదుడుకులకు లొంగని చిన్న బండి కావాలని సంస్థ అనుకుంది. గిరీశ్ వాఘ్ అనే యువ ఇంజనీరు నాయకత్వంలో ఒక బృందం పని మొదలుపెట్టింది. వారు డ్రాయింగ్ బల్ల దగ్గరకు వెళ్లే ముందు ఆటో డ్రైవర్ల దగ్గరకు, సరుకు వ్యాపారుల దగ్గరకు వెళ్లి అడిగారు.

ఆ మాటల్లో తెలిసిన సంగతులు బండి రూపాన్ని నిర్ణయించాయి. కొనేవారికి తక్కువ ధర, తక్కువ ఖర్చు, ఎక్కువ భద్రత కావాలి. వాటితో పాటు గౌరవం కూడా కావాలి. నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో విలువ పెరుగుతుందని, పెళ్లి సంబంధాలు సైతం మెరుగ్గా వస్తాయని మూడు చక్రాల బండి నడిపేవారు చెప్పారు. మూడు చక్రాల బండినే ఇంకాస్త పెద్దది చేసి అమ్మవచ్చన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. రూపాయి రూపాయి లెక్కపెట్టే మనిషి మర్యాదకు కూడా ఒక ధర కట్టి, ఆ ధర చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాడని గ్రహించడంలోనే ఏస్ విజయం మొదలైంది.

ధర అదుపులో ఉంచడానికి ఇంజనీర్లు ఇండికా కారులోని 1,405 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజినును సగం చేసి, 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజిను తయారు చేశారు. శక్తి 16 హార్స్‌పవర్, మోసే బరువు ముప్పావు టన్ను. 4.3 మీటర్ల వ్యాసార్ధంలో తిరగగలగడం వల్ల ఇరుకు బజార్లలో ఆటోకు దీటుగా నిలిచింది. 2005 మేలో సుమారు 2.25 లక్షల రూపాయల ధరకు అమ్మకాలు మొదలయ్యాయి. గిరాకీ అంచనాలను దాటడంతో ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్‌లో కొత్త కర్మాగారమే కట్టవలసి వచ్చింది. 2012 నాటికి ఏస్ కుటుంబపు బండ్లు 10 లక్షలు, 2017 నాటికి 20 లక్షలు దాటాయి. జనం ముద్దుగా చోటా హాథీ అని పిలుచుకున్నారు.

దీనికి కాలమూ కలిసివచ్చింది. చెన్నై నుంచి నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, విశాఖపట్నం మీదుగా కోల్‌కతా వెళ్లే రహదారి స్వర్ణ చతుర్భుజి పథకంలో విస్తరించింది. పెద్ద లారీలు పగటిపూట నగరాల్లోకి రాకూడదన్న ఆంక్షలు బిగిశాయి. పెద్ద లారీ ఊరి బయట సరుకు దింపితే, దాన్ని దుకాణాలకు చేర్చే పని చిన్న బండిది అయింది. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లకు కూరగాయలు తెచ్చేవారికి, సిమెంటు, ఇనుము, సెంట్రింగు చెక్కలు మోసేవారికి, గ్యాసు సిలిండర్లు పంచేవారికి ఈ బండి బాగా అక్కరకొచ్చింది.

కొన్నవారికి దాని హద్దులూ త్వరలోనే తెలిసివచ్చాయి. ముప్పావు టన్నుకు తయారైన బండి మీద టన్నున్నర వేస్తే 16 హార్స్‌పవర్ ఇంజిను వంతెన ఎక్కడానికే ఆయాసపడేది, కమాన్ పట్టీలు కుంగేవి, టైర్లు ముందే అరిగేవి. బరువు తగ్గిస్తే కిరాయి చాలదు, పెంచితే బండి చెడుతుంది. అడ్డాల దగ్గర యజమానుల మధ్య ఎక్కువగా సాగిన చర్చ ఇదే. టాటా సంస్థ 2009లో టన్ను మోసే సూపర్ ఏస్‌ను తేవడం వెనక ఈ చర్చ ఉంది.

ఎంచుకోవడానికి వీలు

2009 తరువాత పోటీ ముమ్మరమైంది. మహీంద్రా 2010లో మ్యాక్సిమోతో వచ్చింది. అశోక్ లేలాండ్ నిస్సాన్‌తో కలిసి 2011లో తెచ్చిన దోస్త్ టన్నుం పావు మోసేది. మూడు సిలిండర్ల ఇంజిను, పొడవైన బాడీ ఉండడంతో ఏస్ చిన్నదిగా, బొలెరో ఖరీదుగా అనిపించినవారు దాన్ని ఎంచుకున్నారు. మారుతి 2016లో సూపర్ క్యారీతో రంగంలోకి దిగింది.

2015 జూన్‌లో మహీంద్రా జీతో అనే చిన్న ట్రక్కును విడుదల చేసింది. ఒకే సిలిండరు, 625 సీసీ డీజిల్ ఇంజిను ఉన్న ఈ బండి, ట్రాలీ ఆటో నడిపేవారిని నాలుగు చక్రాల వైపు రప్పించడానికి ఉద్దేశించినది. దీని తయారీ జహీరాబాద్‌లో, మూడు దశాబ్దాల కింద ఆల్విన్ నిస్సాన్ లారీలు పుట్టిన చోటే జరిగింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం మొదలై డీ-మ్యాక్స్ పికప్‌లను తయారు చేసింది. వాటిలో సరుకు బండ్లతో పాటు కుటుంబంతో తిరగడానికి పనికొచ్చే వీ-క్రాస్ రకమూ ఉంది. 2022లో టొయోటా హైలక్స్ కూడా భారత్‌కు వచ్చింది. పికప్‌ను సొంత కారుగా వాడుకోవడం అమెరికా, థాయిలాండ్, ఆస్ట్రేలియాల్లో మామూలే. ఇక్కడ మాత్రం అది కొద్దిమందికే పరిమితం. హైలక్స్ విడుదల ధర సుమారు 34 లక్షల రూపాయలు. అంత ధర పెట్టేవారు కిరాయి లెక్క వేసుకోరు.

కిరాయికి తిప్పేవారు ఇప్పుడు మూడు మెట్ల మధ్య ఎంచుకుంటారు. ముప్పావు టన్ను మెట్టులో ఏస్, జీతో, సూపర్ క్యారీ. టన్ను నుంచి టన్నుం పావు దాకా దోస్త్, 2019లో వచ్చిన టాటా ఇంట్రా. ఆపైన బొలెరో. రోజంతా ఊళ్లోనే పది చిన్న ట్రిప్పులు వేసేవారికి మొదటి మెట్టు చాలు. జిల్లాలు దాటేవారికి మూడోది కావాలి. రెండూ చేయాలనుకునేవారు మధ్యలోది తీసుకుంటారు. సరుకు ఎలాంటిదన్నది కూడా ఇందులో కలుస్తుంది. పూలు, గుడ్లు, ఖాళీ క్యాన్లు తేలిక కాబట్టి బాడీ పొడవు ముఖ్యం. గ్రానైటు, ఇనుము, ఎరువుల బస్తాలకు బాడీ పొడవు కన్నా కమాన్ పట్టీల బలం ముఖ్యం.

చట్టం ఇచ్చిన వెసులుబాటు

చిన్న బండి వైపు మొగ్గడానికి చట్టం కూడా ఒక కారణం. 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం, సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్టు అక్కర్లేదు. ఏస్, దోస్త్ వంటివి ఈ హద్దు లోపలే ఉంటాయి. లారీ యజమాని పర్మిట్టు కోసం రవాణా కార్యాలయం చుట్టూ తిరిగిన రోజులు గుర్తున్నవారికి ఇది పెద్ద ఊరట. పసుపు బోర్డు, బీమా, ఫిట్‌నెస్ పరీక్ష మాత్రం తప్పవు. 2018 సవరణ తరువాత ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పాత బండి కొనేవారు ఎనిమిదేళ్ల గీతకు ఇవతలి బండి కోసం చూడడానికి ఇదొక కారణం.

లైసెన్సు విషయంలోనూ దారి సుగమమైంది. రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నియమాన్ని కేంద్రం 2019లో తొలగించింది. బడి మధ్యలో మానేసి స్టీరింగు పట్టినవారికి ఇది నిజమైన మేలు. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. ప్రమాదం జరిగినప్పుడు లైసెన్సు రకాన్ని సాకుగా చూపి బీమా నిరాకరిస్తారేమోనన్న భయం దీనితో చాలావరకు తీరింది.

అప్పు, కిస్తీ, పాత బండి

చిన్న సరుకు బండ్లలో ఎక్కువ భాగం అప్పు మీదే రోడ్డెక్కుతాయి. చెన్నై కేంద్రంగా 1954లో మొదలైన సుందరం ఫైనాన్స్, 1979లో వచ్చిన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ వంటి సంస్థలు దక్షిణాదిలో వాహన రుణాలకు బాట వేశాయి. ముఖ్యంగా శ్రీరామ్ సంస్థ, బ్యాంకులు నమ్మని డ్రైవర్లకు పాత లారీలు కొనుక్కోవడానికి అప్పు ఇవ్వడం ద్వారా ఎదిగింది. జీతం స్లిప్పు లేకపోయినా, డ్రైవరు అనుభవం, తెలిసినవారి హామీ, ఊళ్లో పేరు చూసి అప్పు పుట్టేది. తీరేదాకా ఆర్సీ మీద ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటుంది. ఎన్‌ఓసీ చేతికి వచ్చి ఆ పేరు తొలగిన రోజున బండి నిజంగా సొంతమైనట్టు యజమాని లెక్క.

కొత్తదా పాతదా అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. కొత్త బండికి వడ్డీ తక్కువ, మొదటి రెండు మూడేళ్లు మరమ్మతు ఖర్చు తక్కువ, కిస్తీ ఎక్కువ. పాత బండికి ధర తక్కువ, వడ్డీ ఎక్కువ, ఏ రోజు ఏది చెడుతుందో తెలియదు. నెలంతా కిరాయి ఖాయంగా ఉన్నవారు, అంటే పాల డెయిరీకో, గోదాముకో, దుకాణానికో ఒప్పందం మీద నడిపేవారు కొత్తది తీసుకుంటారు. అడ్డా మీద నిలబడి కిరాయి కోసం చూసేవారు పాతదానితో మొదలుపెట్టి, నిలదొక్కుకున్నాక కొత్తదానికి మారడం ఆనవాయితీ. వానాకాలంలో ఇళ్ల పనులు ఆగి కిరాయిలు తగ్గుతాయి. పెళ్లిళ్ల కాలంలో, పంట చేతికొచ్చే నెలల్లో పెరుగుతాయి. కిస్తీ మాత్రం ప్రతి నెలా ఒకే తేదీకి వస్తుంది. అనుభవం ఉన్నవారు మంచి నెలల ఆదాయాన్ని చూసి కాకుండా, మందకొడి నెలల్లో ఎంత కట్టగలమన్న దాన్ని చూసి కిస్తీ ఖాయం చేసుకుంటారు.

బండి ఇంటికి వచ్చాక

షోరూము నుంచి వచ్చిన బండి నేరుగా పనిలోకి దిగదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బాడీకి ఇనుప కమ్మీలు పెంచడం, అడుగున రేకు వేయడం, టార్పాలిన్ కట్టడానికి కొక్కేలు బిగించడం, అదనంగా కమాన్ పట్టీ వేయించడం జరుగుతాయి. చేపల బండికి నీళ్లు నిలవని అడుగు కావాలి, కోళ్ల బండికి గాలి ఆడే వరసలు కావాలి. ఏ బండికి విడిభాగాలు సులువుగా దొరుకుతాయో, ఏ ఇంజినును ఏ మేస్త్రీ బాగా ఎరుగునో ఈ షెడ్లలోనే తెలుస్తుంది. కొనేముందు సలహా కోసం చాలామంది మొదట వెళ్లేది ఇక్కడికే.

పూజ సంగతి వేరుగా చెప్పాలి. అన్నవరంలో కొండ కింద తొలి పావంచా దగ్గర, విజయవాడ కనకదుర్గమ్మ సన్నిధిలో, తెలంగాణలో కొండగట్టు, యాదగిరిగుట్టల దగ్గర కొత్త బండ్లకు పూజ చేయించడం స్థిరపడిన ఆచారం. పసుపు కుంకుమలు, పూలదండ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు అందులో ఉంటాయి. మసీదుకో, చర్చికో తీసుకెళ్లి ప్రార్థన చేయించే యజమానులూ ఉన్నారు. దసరాకు ఆయుధ పూజలో బండికి మళ్లీ చోటు దక్కుతుంది. ముందు అద్దం పైన ఇష్టదైవం పేరు, వెనక తలుపు మీద పిల్లల పేర్లు రాయించడం మామూలు. కుటుంబం మొత్తానికి అన్నం పెట్టే ఆస్తి కాబట్టి దాని మీద ఇంటివారి గుర్తు ఉండాలని కోరుకుంటారు.

ప్రభుత్వ పథకాల్లో చిన్న ట్రక్కు

2010ల నుంచి ప్రభుత్వాలు కూడా చిన్న ట్రక్కులకు పెద్ద కొనుగోలుదారులయ్యాయి. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 2015లో ఇంటింటి చెత్త సేకరణకు స్వచ్ఛ ఆటో టిప్పర్లను డ్రైవర్లే యజమానులయ్యే పద్ధతిలో పంచింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరి 21న ఇంటి దగ్గరకే రేషను బియ్యం తెచ్చే పథకం 9,260 వాహనాలతో మొదలైంది. సుమారు 539 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టి కొన్న ఈ బండ్లలో 6,413 టాటా ఏస్ గోల్డ్‌లు. ఒక్కొక్క దాని ధర 5,81,190 రూపాయలు. అందులో 60 శాతం సబ్సిడీ, 30 శాతం బ్యాంకు రుణం, 10 శాతం లబ్ధిదారు వాటా. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, అగ్రవర్ణ పేద యువకులకు వీటిని కేటాయించారు. అద్దె, ఇంధనం, సహాయకుడి వేతనం కలిపి నెలకు 21,000 రూపాయలు ఇచ్చేలా చెల్లింపును సవరించారు. మార్కెట్లో పదో వంతు పెట్టుబడితో కొత్త బండి దొరకడం కష్టం కాబట్టి చాలామందికి ఇది మొదటి బండి అయింది. తరువాత వచ్చిన ప్రభుత్వం 2025 జూన్ 1 నుంచి ఈ పద్ధతిని ఆపి, చౌక దుకాణాల ద్వారా పంపిణీకి తిరిగి వచ్చింది. బండ్లు నడిపినవారు బయటి కిరాయిలు వెతుక్కోవలసి వచ్చింది. ఒకే చోటి ఆదాయాన్ని నమ్ముకుని బండి కొనడంలో ఉన్న చిక్కు, పథకమైనా ప్రైవేటు ఒప్పందమైనా, ఒక్కటే.

డీజిలు నుంచి కరెంటు దాకా

చిన్న బండికి డీజిలే దిక్కు అన్న నమ్మకం దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. దాన్ని కదిపింది కాలుష్య నిబంధనలు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాయి. బీఎస్-6 ప్రకారం డీజిల్ ఇంజిను పొగను శుభ్రపరిచే పరికరాలు బిగించాలి. పది లక్షల కారులో ఆ ఖర్చు కలిసిపోతుంది, నాలుగైదు లక్షల బండిలో కలిసిపోదు. మారుతి సూపర్ క్యారీ డీజిల్ రకాన్ని మానుకుంది. ఏస్ గోల్డ్ పెట్రోలులో వచ్చింది. పెట్రోలు, డీజిలు ధరల తేడా తగ్గిపోవడం కూడా ఈ మార్పుకు తోడైంది.

సీఎన్‌జీ మరో దారి. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి 2003లో స్థాపించిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో గ్యాసు అందించసాగింది. కిలోమీటరుకు ఖర్చు తగ్గుతుంది, కానీ బంకు ముందు వరసలో నిలబడే సమయం పోతుంది, సిలిండర్ల బరువు కూడా బండే మోయాలి. బంకు దగ్గరగా ఉన్న నగరవాసికి ఇది లాభం, మండల కేంద్రంలో ఉన్నవారికి ఇంకా దూరం.

2022 మేలో టాటా ఏస్ ఈవీని ఆవిష్కరించింది. 600 కిలోలు మోసే ఆ బండి ఒక్క ఛార్జింగుతో 154 కిలోమీటర్లు వెళ్తుందన్నది ధ్రువీకరణ అంకె. ఆన్‌లైన్ దుకాణాల సరుకు పంచే కంపెనీలు మొదట వీటి వైపు చూశాయి. వాటికి రోజువారీ దారి తెలుసు, గోదాములోనే ఛార్జింగు ఉంది. ఒక్క బండి యజమానికి ఈ రెండూ ఉండవు. పైగా బ్యాటరీ ఎన్నేళ్లు నిలుస్తుంది, పాత బండిని ఎవరు ఎంతకు కొంటారు అన్నవాటికి బజారు ఇంకా స్థిరమైన ధర కట్టలేదు.

నేటి లెక్క

2025 జూన్‌లో ఏస్ ప్రో 3.99 లక్షల రూపాయల ప్రారంభ ధరతో వచ్చింది. పెట్రోలు, పెట్రోలు–సీఎన్‌జీ, కరెంటు రకాల్లో దొరికే ఈ బండి మోసే బరువు 750 కిలోలు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మూడు చక్రాల బండ్లకూ అంతే తగ్గడంతో ఆటోకీ చిన్న ట్రక్కుకూ మధ్య పోటీ కొనసాగుతోంది.

ఈ ఆరు దశాబ్దాల్లో కొనేవారి ఎదుట ఉన్న దారులు పెరిగాయి. పర్మిట్టు బాధ తగ్గింది, అప్పు దొరకడం సులువైంది, బండి సురక్షితమైంది, ఇంధనాన్ని ఎంచుకునే వీలు వచ్చింది. పెరిగిన ఖర్చులూ ఉన్నాయి. ఇంధనం, బీమా, టైర్లు, కిస్తీ కలిసి రోజువారీ ఆదాయంలో పెద్ద వాటా తీసుకుంటాయి. యాప్‌ల ద్వారా కిరాయి వస్తున్న నగరాల్లో కమీషను కూడా ఆ ఖర్చుల్లో చేరింది. అందువల్ల ఎంత బండి అన్నది పని నిర్ణయించాలి, ఎంత అప్పు అన్నది మందకొడి నెల నిర్ణయించాలి, ఏ కంపెనీ అన్నది దగ్గరలోని మేస్త్రీ, విడిభాగాల దుకాణం నిర్ణయించాలి. ఈ మూడింటినీ సరిగ్గా చూసుకుని కొన్నవారికి చిన్న సరుకు బండి నాలుగైదేళ్లలో అప్పు తీర్చి సొంత ఆస్తిగా మిగిలింది. వీటిలో ఒకటి తప్పినా బండి ఫైనాన్స్ సంస్థ యార్డుకు చేరింది.